బిడ్డకు నెలకెంత? విడిపోయిన తల్లిదండ్రుల మధ్య పోషణ ఖర్చు లెక్క

భార్యాభర్తలు విడిపోయాక బిడ్డ పోషణకు నెలకు ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు మన చట్టాల్లో ఎక్కడా అంకె లేదు. శాతం లేదు, పట్టిక లేదు, పిల్లల వయసును బట్టి శ్లాబులూ లేవు. ఉన్నవల్లా సముచితం, న్యాయం, సహేతుకం లాంటి మాటలే. వాటిని రూపాయల్లోకి మార్చే పని పూర్తిగా జడ్జి విచక్షణకు వదిలేశారు. అందుకే ఒకే జీతమున్న ఇద్దరు తండ్రులకు రెండు కోర్టుల్లో రెండు రకాల ఉత్తర్వులు రావచ్చు. విచక్షణ అవసరమే, కాదనను. కానీ మెయింటెనెన్స్ కేసు సాధారణంగా తండ్రి సంపాదన ఎంత అనే తగువుతో మొదలై, అక్కడే చిక్కుకుంటుంది. బిడ్డకు అసలు నెలకు ఎంత ఖర్చవుతోంది అన్న లెక్క మాత్రం ఫైల్లో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. ఈ వరస మారాలి. బిడ్డ ఖర్చు ముందు తేలాలి, తల్లి వాటాతో కలిపేయకుండా బిడ్డ వాటాను విడిగా రాయాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే. దానికి ముందు ఇప్పుడు లెక్క ఎలా జరుగుతోందో వివరంగా చూడాలి.

దారులు చాలానే ఉన్నాయి. మన కోర్టు వరండాల్లో ఎక్కువగా వినిపించేది ఎం.సీ., అంటే మెయింటెనెన్స్ కేసు. మొన్నటిదాకా సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద వేసేవారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అయింది. జనం నోట మాత్రం ఇంకా ‘నూట పాతిక కేసే’. దీనికి మతంతో పనిలేదు. తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా అన్నదానితోనూ పనిలేదు, బిడ్డ బిడ్డే. ముస్లిం కుటుంబాల విషయంలో ఒక సందేహం ఉండేది. 1986 నాటి చట్టం విడాకులు పొందిన తల్లికి బిడ్డ పుట్టిన రెండేళ్లదాకా పోషణ ఖర్చు అడిగే హక్కునిచ్చింది కాబట్టి, ఆ తర్వాత తండ్రి బాధ్యత తీరిపోయినట్టేనా అని. తీరదని, బిడ్డ సొంత హక్కు 125 కింద అలాగే ఉంటుందని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో తేల్చింది. హిందువులకు వివాహ చట్టంలో 26వ సెక్షన్, 1956 నాటి దత్తత-మనోవర్తి చట్టంలో 20వ సెక్షన్ ఉన్నాయి. గృహహింస చట్టం కింద వేసే డీవీసీలోనూ పిల్లల ఖర్చు అడగవచ్చు. ఒకే బిడ్డకోసం రెండు మూడు చోట్ల కేసులు నడిస్తే, ఒకచోట ఇచ్చినదాన్ని మరోచోట సర్దుబాటు చేస్తారు.

పాత చట్టం అంకె చెప్పకపోలేదు. 1973 కోడ్‌లో నెలకు 500 రూపాయలకు మించరాదని గరిష్ఠ పరిమితి ఉండేది. ఆ పరిమితిలో ‘మొత్తం మీద’ అనే ఒక మాట ఉంది. మొత్తం మీద అంటే తల్లీ పిల్లలందరికీ కలిపి 500 అని కొందరు తండ్రులు వాదించారు. 1978లో వీణా కౌశల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. తిండి, బట్ట, గూడు లాంటి పద్దులన్నీ కలిపి ఒక్కొక్కరికి 500 అని దాని అర్థమని, ఇంటిల్లిపాదికీ కలిపి కాదని చెప్పారు. ఒక మాటకు అర్థం చెప్పడంతో ఎన్నో ఇళ్లలో పిల్లల ముద్ద పెద్దదైంది. అయినా ధరలు పెరుగుతూనే ఉన్నాయి, 500 అక్కడే ఉండిపోయింది. 2001లో పార్లమెంటు ఆ పరిమితిని ఎత్తేసింది. కేసు నడుస్తుండగానే మధ్యంతర భృతి ఇవ్వాలని, ఆ దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని కూడా అప్పుడే చేర్చింది. గరిష్ఠ పరిమితి పోవడం మంచిదే. దాని స్థానంలో ఎలాంటి కొలతా పెట్టకపోవడం వల్లనే ఇప్పటి అయోమయం.

లెక్కలో మొదటి మెట్టు సంపాదన నిరూపణ. జీతగాడి విషయం కొంత నయం. శాలరీ సర్టిఫికెట్, ఫామ్ 16, బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పిస్తే తేలిపోతుంది. అక్కడ వచ్చే తగువల్లా కోతల గురించే. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ తీసేశాక మిగిలేదాన్ని నికర జీతంగా చూస్తారు. సొంత ఇష్టంతో పెట్టుకున్న కోతలను కోర్టులు సాధారణంగా పట్టించుకోవు. కేసు పడ్డాక పర్సనల్ లోన్ తీసుకుని, కొత్త కారు ఈఎంఐ మొదలుపెట్టి, చేతికి పదిహేను వేలే వస్తున్నాయని జీతం కాగితం చూపించే తండ్రులకు ఇక్కడ చుక్కెదురవుతుంది. కారు వాయిదా కన్నా బిడ్డ పాల ఖర్చు ముందు.

వ్యాపారం, కాంట్రాక్టు, వ్యవసాయం, కమీషన్ పనులు చేసేవారి దగ్గర కథ వేరు. పిటిషన్లో తల్లి నెలకు లక్ష అని రాయిస్తుంది. కౌంటర్లో తండ్రి పదివేలు అని, ముసలి అమ్మానాన్నలను చూసుకోవాలని, షాపు తమ్ముడి పేరు మీద ఉందని రాయిస్తాడు. రెండు అంకెల మధ్య ఎక్కడో నిజం ఉంటుంది. జడ్జి ఊహించి ఓ అంకె వేస్తారు. ఈ ఊహల ఆటను ఆపాలనే సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో గట్టి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తీర్పు ఇచ్చింది జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. దాని ప్రకారం ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులన్నీ చూపుతూ అఫిడవిట్ వేయాలి. జవాబిచ్చే పక్షానికి నాలుగు వారాల గడువు. మధ్యంతర భృతి నాలుగు నుంచి ఆరు నెలల్లో తేలాలి. డబ్బు దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. అబద్ధం రాస్తే ప్రమాణ భంగం కింద చర్య తీసుకోవచ్చు.

ఆ అఫిడవిట్ నమూనాలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. రైతులకు ప్రత్యేకంగా వేరే నమూనా పెట్టారు. భూమి ఎంత, రెవెన్యూ రికార్డులో ఎవరి పేరు మీద ఉంది, ఏ పంటలు పండిస్తున్నారు, పశువులు ఎన్ని, వాటి మీద వచ్చేదెంత అని అందులో అడుగుతారు. మన ఊళ్లలో పట్టా నాన్న పేరు మీద, సాగు కొడుకుది, కౌలు డబ్బు చేతికి చేతికి. అలాంటి చోట పాస్‌పుస్తకం జిరాక్సు, పహాణీ లేదా అడంగల్ నకలు తెచ్చి పెట్టుకున్న తల్లి కేసు ఒకలా ఉంటుంది, నోటిమాటగా ‘పదెకరాలుంది’ అన్న తల్లి కేసు మరోలా ఉంటుంది. ఈ కాగితాల భారం బిడ్డను చంకనెత్తుకుని తిరిగే మనిషి మీదే పడటం అన్యాయం. సంపాదించేవాడే తన సంపాదన చెప్పాలన్నది ఆ తీర్పు సారాంశం. కానీ కింది కోర్టుల్లో ఆ అఫిడవిట్లు లేకుండానే ఉత్తర్వులు వెలువడుతున్నాయని సుప్రీంకోర్టు 2023 నవంబరులో మళ్లీ గుర్తుచేసి, తీర్పు ప్రతిని మరోసారి అన్ని హైకోర్టులకూ పంపించాల్సి వచ్చింది.

సంపాదన లేదనే తండ్రుల సంగతి? ఆరోగ్యంగా ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. 2022లో అంజూ గార్గ్ కేసులోనూ అదే అంది. ఆధారాలేవీ లేనప్పుడు కనీస వేతనాన్ని ప్రాతిపదికగా తీసుకుని కొన్ని కోర్టులు లెక్క వేస్తున్నాయి. బిడ్డ తిండికి ఎంతో కొంత తేలడానికి అది చాలు. చదువుకు మాత్రం చాలదు.

సంపాదన తేలిందనుకుందాం. దాన్ని పంచేదెలా? మన తీర్పుల్లో మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది పాతిక శాతం. 1970లో కులభూషణ్ కుమార్ కేసు నుంచి వస్తున్న కొలత ఇది. 2017లో కల్యాణ్ డే చౌదరి కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ గుర్తుచేసింది. అక్కడ భర్త నికర జీతం సుమారు 95 వేలు. హైకోర్టు 23 వేలు ఇవ్వమంటే, అతనికి రెండో కుటుంబం కూడా ఉందని సుప్రీంకోర్టు భార్యకూ కొడుక్కూ కలిపి 20 వేలకు తగ్గించింది. పాతిక శాతం అనేది పుట్టుకలో భార్య వాటాకు పెట్టిన కొలత. పిల్లల ఖర్చును దృష్టిలో పెట్టుకుని తయారైంది కాదు. అయినా లాయర్ల నోట అదే నడుస్తోంది, తల్లీబిడ్డలిద్దరినీ అందులోనే ఇరికించేస్తున్నారు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి బిడ్డ వాటా ఎందుకు కరగాలో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. రెండో కుటుంబం అతని నిర్ణయం. మొదటి బిడ్డ అప్పటికే ఉంది.

రెండో పద్ధతి 2004లో అన్నురీతా వోహ్రా కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. భార్యాభర్తల ఆదాయాలన్నీ కలిపి కుటుంబ వనరుల కేకు అనుకోమంది. సంపాదించడానికి అదనపు ఖర్చులుంటాయి కాబట్టి భర్తకు రెండు ముక్కలు, మిగతా ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. మూడోది 2000లో పద్మజా శర్మ కేసులో సుప్రీంకోర్టు అనుసరించిన దారి. ముందు పిల్లలకు ఎంత అవసరమో తేల్చారు, ఒక్కొక్కరికి నెలకు 3,000 రూపాయలని. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగులే కాబట్టి దాన్ని తండ్రి రెండు వంతులు, తల్లి ఒక వంతు భరించాలన్నారు. రజనీష్ తీర్పు కూడా దాదాపు ఇదే చెబుతుంది. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే, తల్లికి తగినంత సంపాదన ఉంటే నిష్పత్తి ప్రకారం పంచుకోవచ్చు.

ఈ మూడింటి తేడా మాటల్లో తెలియదు, లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రి నికర జీతం 72,000. తల్లి ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు, చేతికొచ్చేది 24,000. ఎనిమిదేళ్ల కూతురు తల్లి దగ్గరే ఉంటోంది. బిడ్డ నెల ఖర్చు ఇలా ఉందనుకుందాం. స్కూలు ఫీజు ఏడాదికి 48,000, అంటే నెలకు 4,000. బస్సుకు 1,200. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు ఏడాదికి 9,000, నెలకు 750. తిండి, పాలు, పండ్లు 4,000. ఇంటద్దె 9,000లో బిడ్డ వంతు మూడోభాగం 3,000. మందులూ డాక్టరూ 800. ట్యూషన్ 1,250. బట్టలు, పండగలు, పుట్టినరోజు 1,000. మొత్తం 16,000.

మూడో పద్ధతిలో ఈ 16,000ను సంపాదనల నిష్పత్తిలో, అంటే మూడింటికి ఒకటిగా పంచితే తండ్రి ఇవ్వాల్సింది 12,000. పాతిక శాతం పద్ధతిలో 72,000లో నాలుగోవంతు 18,000. కేకు పద్ధతిలో మొత్తం 96,000ను నాలుగు ముక్కలు చేయాలి. తండ్రికి రెండు, తల్లికి ఒకటి, బిడ్డకు ఒకటి. ముక్క విలువ 24,000. తల్లి జీతం సరిగ్గా ఆమె ముక్కతో సమానం కాబట్టి బిడ్డ ముక్క 24,000 మొత్తం తండ్రి నుంచే రావాలి. అదే కుటుంబం, అవే కాగితాలు. ఉత్తర్వు 12 వేలు కావచ్చు, 18 వేలు కావచ్చు, 24 వేలు కావచ్చు. ఏ లాయరు ఏ తీర్పు చూపించాడు, ఏ జడ్జి దేన్ని ఒప్పుకున్నారు అన్నదాని మీదే రెట్టింపు తేడా వస్తోంది.

ఈ మూడింట్లో ఏది న్యాయం? నాకు మూడో పద్ధతే సరైన ఆరంభంగా తోస్తుంది, ఎందుకంటే అది ఒక్కటే బిడ్డ నుంచి మొదలవుతుంది. అయితే దానికీ ఓ లోపం ఉంది. ఇప్పుడు తల్లి పెట్టగలుగుతున్న ఖర్చునే అది బిడ్డ అవసరంగా చూస్తుంది. డబ్బులేక మంచి స్కూలు మాన్పించి పక్క వీధి స్కూల్లో వేస్తే, ఆ తక్కువ ఫీజే ‘వాస్తవ ఖర్చు’ అయి కూర్చుంటుంది. తండ్రి ఇంట్లో ఉంటే ఆ బిడ్డ ఎలా బతికేదో ఆ స్థాయికి లెక్క వేయాలి. అందుకే అవసరం నుంచి మొదలుపెట్టి, కేకు పద్ధతితో సరిచూసుకుంటే రెండు పద్ధతుల బలమూ కలుస్తుంది. పై ఉదాహరణలో 12 వేలకూ 24 వేలకూ మధ్య ఎక్కడ నిలబడాలో అప్పుడు జడ్జి కారణాలతో రాయగలుగుతారు.

మరో పెద్ద లోపం, ఈ లెక్కలు దేనిలోనూ తల్లి పడే శ్రమకు విలువ లేదు. పొద్దున లేపి, టిఫిన్ పెట్టి, బస్సెక్కించి, జ్వరమొస్తే సెలవు పెట్టి, హోంవర్కు చేయించే మనిషి ఆ సమయంలో ఓవర్‌టైం చేయలేదు, ప్రమోషన్ మీద వేరే ఊరు వెళ్లలేదు. ‘ఆవిడా సంపాదిస్తోంది కదా, సగం పెట్టమనండి’ అని కౌంటర్లలో రాసేవాళ్లకు ఈ సగం కనిపించదు. బిడ్డ తండ్రి దగ్గరే ఉండి తల్లి సంపాదిస్తున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడ ఇదే న్యాయం తండ్రికి వర్తించాలి. 1956 చట్టం తల్లినీ తండ్రినీ సమానంగానే బాధ్యులను చేసింది.

చదువు దగ్గరకొస్తే తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. మన దగ్గర ఇంటర్ అంటే చాలామందికి రెసిడెన్షియల్ కాలేజీ, ఈఏపీసెట్ లేదా నీట్ కోచింగ్, హాస్టలు. పదో తరగతిదాకా నెలకు నాలుగు వేలున్న చదువు ఖర్చు పదకొండో ఏడాదికి ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. రజనీష్ తీర్పులో కోచింగ్ క్లాసుల ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలని స్పష్టంగా ఉంది. ‘అయితే మితిమీరినంత ఖర్చు పెట్టమని కాదు’ అనే హెచ్చరికా ఉంది. ఈ మితం ఎంతో చెప్పడం కష్టం. పెద్ద కొడుకును తానే అలాంటి కాలేజీలో చేర్పించిన తండ్రి, విడిపోయాక చిన్న కూతురికి ప్రభుత్వ కాలేజీ చాలదా అంటే, ఆ వాదనను కోర్టు నిలదీసి తీరాలి.

వయసు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 144వ సెక్షన్ కింద బిడ్డ హక్కు మామూలుగా 18 ఏళ్లదాకానే. శారీరక, మానసిక వైకల్యముంటే తర్వాత కూడా ఉంటుంది. మన పిల్లలు ఇంటర్ పూర్తిచేసేది సరిగ్గా 17, 18 ఏళ్లకు. అంటే ఇంజనీరింగ్ సీటుకు ఫీజు కట్టాల్సిన నెలలోనే కొడుకు పోషణ ఉత్తర్వు ఆగిపోవచ్చు. పెళ్లికాని హిందూ కూతురికి 1956 చట్టం 20వ సెక్షన్ కింద, తన సంపాదనతో బతకలేని స్థితిలో ఉంటే, తర్వాత కూడా హక్కుంటుంది. అయితే దానికి ఎం.సీ. చాలదు, వేరే కేసు వేసుకోవాలని 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు విషయంలో చట్టం మౌనంగా ఉన్నా ఒక దారి కనబడింది. 2024 డిసెంబరులో పర్వీన్ కుమార్ జైన్ కేసులో విడాకులు మంజూరు చేస్తూ సుప్రీంకోర్టు భార్యకు 5 కోట్లతో పాటు, చదువు ముగిసిన మేజరు కొడుకు భద్రతకు కోటి రూపాయలు ఇవ్వమంది. తండ్రి ఆర్థిక స్థాయి పెద్దది కాబట్టి అది సాధ్యమైంది. ఆటో నడిపే తండ్రి కొడుక్కి ఆ తీర్పు ఏమీ చేయలేదు. లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో పోషణ ఖర్చును 18 దాకా తప్పనిసరి చేసి, అవసరమైతే 25 ఏళ్లదాకా పొడిగించే అధికారం కోర్టుకు ఇవ్వాలని సూచించింది. ఆ ఒక్క సూచన చట్టంలోకి వచ్చి ఉంటే ఎందరో పిల్లల డిగ్రీలు ఆగేవి కావు.

ఇతర దేశాలు ఏం చేశాయో చూడటం అవసరం. అక్కడ ఇలాంటి కేసుల్లో మన పిల్లలూ ఉన్నారు కాబట్టి మరీ అవసరం. టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల వేలకొద్దీ తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి చట్టంలో లెక్క సూటిగా ఉంటుంది. ఇవ్వాల్సిన తల్లి లేదా తండ్రి నికర ఆదాయంలో ఒక బిడ్డకు 20 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 30. ఈ శాతాలు వర్తించే ఆదాయానికి ఒక హద్దుంది. 2019 నుంచి నెలకు 9,200 డాలర్లు ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి 11,700 అయింది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు దీనికన్నా సూక్ష్మమైన పద్ధతిలో నడుస్తాయి. ఇద్దరి ఆదాయాలూ కలిపి, ఆ స్థాయి ఆదాయంలో ఒక బిడ్డకు సగటున ఎంత ఖర్చవుతుందో పట్టికలో చూసి, ఆ మొత్తాన్ని సంపాదనల నిష్పత్తిలో పంచుతారు. అంటే మన పద్మజా శర్మ కేసులో జడ్జీలు చేతితో చేసిన పనిని అక్కడ పట్టిక చేస్తుంది. ప్రతి నాలుగేళ్లకు పట్టికను సమీక్షించాలని సమాఖ్య చట్టం కట్టడి. బ్రిటన్‌లో స్థూల ఆదాయంలో ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు ఆపైన 19 శాతం ప్రాథమిక రేటు. పిల్లలు ఏడాదిలో 52 రాత్రులకు తగ్గకుండా తండ్రి దగ్గర పడుకుంటే ఏడోవంతు తగ్గిస్తారు, రాత్రులు పెరిగేకొద్దీ తగ్గింపు పెరుగుతుంది.

రాత్రుల లెక్క విని మనవాళ్లు కొందరు ఆశపడతారు. పిల్లలను చూసుకున్నదానికి విలువ కట్టడం మంచిదే, పైన నేను అడిగిందీ అదే. కానీ ఆ పద్ధతిని మన దగ్గర యథాతథంగా తెస్తే, బిడ్డ ఎన్ని రాత్రులు ఎక్కడుందన్నదాని మీదే కొత్త తగువులు మొదలవుతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి కస్టడీ అడిగే తండ్రులు, ఖర్చు తగ్గుతుందని బిడ్డను పంపని తల్లులు, రెండూ బిడ్డకు నష్టమే. మనం తెచ్చుకోవాల్సింది పట్టిక. జర్మనీలో డ్యూసెల్డార్ఫ్ నగరంలోని పైకోర్టు తండ్రి ఆదాయం, బిడ్డ వయసులను బట్టి ఒక పట్టిక ప్రచురిస్తోంది. చట్ట బలం లేకపోయినా దేశమంతా కోర్టులు దాన్నే అనుసరిస్తాయి. మన హైకోర్టులు జిల్లాలవారీగా అద్దెలు, ఫీజులు, ధరలు చూసి అలాంటి పట్టికను మార్గదర్శకంగా వేస్తే, జడ్జి విచక్షణ పోదు. పట్టిక నుంచి ఎందుకు తప్పుకున్నారో కారణం రాస్తే చాలు.

సరిహద్దు దాటిన కేసుల్లో లెక్క తేలినా వసూలు కష్టం. అమెరికా కోర్టు ఇచ్చిన డిక్రీని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద నేరుగా అమలు చేయించుకోలేం, ఆ దేశం పరస్పర జాబితాలో లేదు కాబట్టి ఇక్కడ కొత్తగా దావా వేయాల్సిందే. పిల్లల పోషణపై 2007లో కుదిరిన హేగ్ ఒప్పందంలోనూ భారత్ లేదు. ఇక్కడి ఉత్తర్వును అక్కడున్న తండ్రి మీద అమలు చేయించడం అంతకన్నా కష్టం. అయితే ఇక్కడ అతని మీద అరెస్టు వారెంటు ఉంటే పాస్‌పోర్టును జప్తు చేసే అధికారం మన పాస్‌పోర్టు చట్టంలో ఉంది. వీసా మీద బతికే మనిషికి ఆ ఒక్క నోటీసు చాలా దూరం వినబడుతుంది.

దేశంలోపల వసూలు సంగతి. బకాయి పడితే మేజిస్ట్రేటు జరిమానా వసూలు చేసినట్టే వారెంటు జారీ చేయవచ్చు. కట్టని ప్రతి నెలకూ నెలదాకా జైలు వేయవచ్చు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. జైలు వసూలుకు ఒక సాధనం మాత్రమే. ఒక్కటి మాత్రం తల్లులు తప్పక గుర్తుపెట్టుకోవాలి. బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వేయకపోతే ఈ వారెంటు దారి మూసుకుపోతుంది. డీవీసీలో అయితే యాజమాన్యం నుంచే నేరుగా జీతంలో కోయించే ఉత్తర్వు తీసుకోవచ్చు. సివిల్ డిక్రీ అమల్లో జీతం జప్తు చేయాల్సొస్తే, మామూలు అప్పులకంటే మనోవర్తికి ఎక్కువ వాటా తీయనిస్తారు. మూడోవంతు మాత్రమే వదిలి మిగతాది జప్తు చేయవచ్చు. ఇలాంటి కేసులు వేయడానికి స్త్రీలకూ పిల్లలకూ, ఆదాయంతో పనిలేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు.

‘బిడ్డను చూడనివ్వరు, డబ్బు మాత్రం కావాలా’ అన్న తండ్రుల ఆవేదన చాలా కౌంటర్లలో కనిపిస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. బిడ్డను చూడనివ్వకపోవడం తప్పే, దానికి విజిటేషన్ కోసం వేరే దరఖాస్తు ఉంది. ఆ కోపాన్ని ఫీజు ఆపడంలో చూపిస్తే శిక్ష పడేది బిడ్డకు. డబ్బు తీసుకుంటూనే బిడ్డను దాచిపెట్టే తల్లి కూడా ఆ బిడ్డ హక్కును తన కక్షకు వాడుకుంటున్నట్టే.

పరస్పర అంగీకార విడాకుల్లో ఒక ప్రమాదం ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరేటప్పుడు తల్లి విసిగిపోయి, బిడ్డ నా దగ్గరుంటే చాలు, డబ్బొద్దు అని సంతకం పెట్టేస్తుంది. అలా బిడ్డ హక్కును తల్లి వదులుకోలేదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. కాబట్టి అలాంటి రాజీ ఉన్నా బిడ్డ తరఫున కేసు వేసుకోవచ్చు. రాజీ పత్రంలో పెంపు సంగతి రాసుకోకపోవడం మరో పొరపాటు. నెలకు 12,000 అని రాసుకుని పదేళ్లు అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఏటా 5 శాతం పెంపు రాసుకుని ఉంటే పదేళ్ల తర్వాత అది సుమారు 19,500 అయ్యేది. పెంపు లేకపోతే పరిస్థితులు మారాయంటూ మళ్లీ కోర్టుకెక్కి, మళ్లీ నోటీసు, మళ్లీ కౌంటరు, మళ్లీ వాయిదాలు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక భార్యకు నెలకు 50 వేలు శాశ్వత భృతి ఇస్తూ రెండేళ్లకోసారి 5 శాతం పెంపు ఉత్తర్వులోనే రాసింది. బిడ్డల విషయంలో ఇది ఇంకా అవసరం. పెద్దవాళ్ల ఖర్చు ధరలతో పెరుగుతుంది, పిల్లల ఖర్చు ధరలతోనూ వయసుతోనూ పెరుగుతుంది.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. బిడ్డ వాటా విడిగా రాయడానికి, వయసును బట్టి పెంపు పెట్టడానికి ఇప్పటి చట్టంలోనే అధికారముంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం పిల్లల ఉత్తర్వును ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చు. రజనీష్ కేసు మొదలైన నాగపూర్ ఫ్యామిలీ కోర్టు 2015లోనే ఈ పని చేసింది. తల్లికి నెలకు 15,000. కొడుక్కి 2013 సెప్టెంబరు నుంచి రెండేళ్లు 5,000, ఆపైన 10,000. రెండూ వేర్వేరు పద్దులు, బిడ్డది రెండు మెట్లలో. ఆ ఉత్తర్వు మీద తండ్రి హైకోర్టుకు వెళ్లాడు, సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. ఐదేళ్ల తర్వాత సుప్రీంకోర్టు ఆ అంకెల్లో ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా ఖాయం చేసి, బకాయి మొత్తం 12 వారాల్లో కట్టమంది.